మందునకు లొంగని నట్టలు



నేను పల్లెటూరి బడిలో 34 సంవత్సరములు తెలుగును గణితమును చెప్పి విశ్రాంతి గొన్న ఉపాధ్యాయుడను. పశువైద్యుడను గాను. చిన్ననాట గురువుగారి అరుగుమీద కూర్చుండి శబ్దములు వల్లించినవాడు నేడు గొఱ్ఱెల కడుపులోని నట్టలను గూర్చి ప్రసంగింప వచ్చినాడేమి యని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. నవ్వుకొనుడు. ఈ విద్య నాకు పుస్తకమున దొరకలేదు. నేను చేసిన యొక పొరపాటువలన దొరకినది. ఆ పొరపాటు మీరును చేయుటకు అవకాశము కలదు. ఏలనగా, పల్లెలో నాలుగక్షరములు వచ్చిన పెద్దల యొద్దకే జనులు మందుసీసాలు చదివించుకొనుటకు వత్తురు.

మాది నెల్లూరు సీమలోని మెట్ట గ్రామము. నా శిష్యుడొకడు అయిదవ తరగతితో చదువు చాలించి తండ్రి మందను చేపట్టెను. నూటయిరువది జోడిపి గొఱ్ఱెలు అతని ఆస్తి. ప్రతియేటను వానలకు ముందొకసారి, వానలు వెలిసిన పిమ్మట నొకసారి, నట్టల మందు సీసా పట్టుకొని మా యింటికి వచ్చును. సీసాపై వ్రాత ఇంగ్లీషున నుండును గదా. "పంతులుగారూ, దీన్ని ఎంత తాపమంటారండీ?" అని అడుగును. కిలో బరువునకు ఇంత యని అందున్నది నేను చదివి, "ఒక్కొక్క గొఱ్ఱె ఎంత బరువుండునురా?" అందును. "సుమారు పాతిక కిలోలుంటాయండీ" అనును. నేను వేళ్లమీద గుణించి, "అయితే ప్రతిదానికిని ఇంత తాపుము" అని చెప్పుదును. ఎనిమిదేండ్లు ఇట్లే జరిగెను. ఒక్కనాడైనను, ఒక్క గొఱ్ఱెనైనను తూచిన వారము గాము.

ఒక యేడు కార్తికమాసపు వానలు మిక్కుటముగా కురిసినవి. మార్గశిరమున మంద నీరసించెను. గొఱ్ఱెల దవడక్రింద నీరు దిగి తిత్తులవలె వ్రేలాడసాగెను. మేతకు పోవు దారిలోనే అవి కూలబడుచుండెను. మందు తాపిరి, మూడు వారములకు మఱల తాపిరి. అయినను పదునాలుగు చచ్చెను. అందు ఆఱు చూడి గొఱ్ఱెలు. నా శిష్యుడు మా అరుగుమీద కూలబడి, "మందు కల్తీదండీ. కొట్టువాడు నన్ను ముంచేశాడు" అని కన్నీరు పెట్టుకొనెను. అతని మాట నాకును నిజమని తోచెను. కోపముతో కాగితము తీసికొని, ఆ దుకాణదారుని మీద అధికారులకు ఒక అర్జీ వ్రాసితిని. గ్రామపెద్దలచే సంతకములును చేయించితిని. అంతలో మా ప్రాంతమునకు క్రొత్తగా వచ్చిన పశువైద్యుడు దానిని చదివి, "మాస్టారూ, ఇది పంపేముందు గ్రుడ్లు లెక్కపెడదామండీ" అనెను.

ఏమి గ్రుడ్లు? వానిని లెక్కించిన దుకాణదారుని దోషము ఎట్లు తెలియును? ఆ ప్రశ్నకు సమాధానము వెదకుచు నేను తెలిసికొన్న చరిత్రయే నేటి నా ప్రసంగము.

మన గొల్లలును కురుమలును నట్టలని పిలుచు వానిలో పెక్కు జాతులు గలవు. పేగులలోని బద్దె పురుగులు వేఱు; కార్జమును పట్టు జలగలు వేఱు. నేను చెప్పబోవునది గొఱ్ఱెయొక్క నాల్గవ కడుపులో కాపురముండు సన్నని పురుగు. శాస్త్రజ్ఞులు దీనిని హీమాంకస్ అందురు. ఆడుపురుగు సుమారొక అంగుళము పొడవుండును. త్రాగిన నెత్తురుతో నిండిన ఎఱ్ఱని పేగును, దానిని చుట్టుకొన్న తెల్లని గర్భనాళములును పైకి కనబడుటచే, ఎఱ్ఱ దారమును తెల్ల దారమును కలిపి పేనినట్లుండును. చూచుటకు ముచ్చటగనే యుండును. చేయు పని మాత్రము దారుణము.

ఒక్క పురుగు దినమునకు త్రాగు నెత్తురు మిల్లీలీటరులో ఇరువదవ వంతు. అది ఏపాటి యనుకొందుము. కాని చెడ్డ యేట ఒక గొఱ్ఱె కడుపులో అట్టివి అయిదువేలుండుట కలదు. అప్పుడు దినమునకు పావు లీటరు నెత్తురు పోవును. ముప్పది కిలోల గొఱ్ఱె యొడలిలో ఉన్న రక్తమంతయు రెండు లీటర్లకు మించదు. ఇంక అది బ్రదుకుట యెట్లు? ఆడుపురుగు దినమునకు అయిదువేలు మొదలు పదివేలవఱకు గ్రుడ్లు పెట్టును. అవి పెంటికలతో నేలబడి, తేమయు వెచ్చదనమును ఉన్నచో ఒకటి రెండు దినములలో పగులును. వారము దినములలో పిల్లపురుగులు గడ్డిపరకల నెక్కి మంచుబొట్టులలో కాచుకొనియుండును. గొఱ్ఱె ఆ గడ్డి మేసిన మూడు వారములకు మఱల గ్రుడ్లు. ఇది వానకాలమున ఎడతెగక తిరుగు చక్రము.

ఈ పురుగును చంపుటకు మానవుడు చాలకాలము విషములనే నమ్ముకొనెను. మైలుతుత్తము నీళ్లు, పాషాణము, పొగాకు సత్తు, ఇవి దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియా దేశముల గొఱ్ఱెలకు తాపిన మందులు. మోతాదు కొంచెము తగ్గెనా పురుగు చావదు. కొంచెము హెచ్చెనా గొఱ్ఱెయే చచ్చును. అటువంటి కాలమున, 1938లో, అమెరికా దేశపు శాస్త్రజ్ఞులు ఫినోథయజీన్ అను పదార్థము పశువుల పురుగులను చంపునని కనుగొనిరి. అది అద్దకపు రంగుల రసాయనశాస్త్రమున పుట్టినది. దానిని తిన్న గొఱ్ఱెల మూత్రము ఎఱ్ఱబాఱి ఉన్నికి మరకలు పట్టెడిది. అయినను కాపరులు లెక్కచేయలేదు. గొఱ్ఱెలు బ్రదికినవి గదా! కొలది యేండ్లలోనే ఆ మందు లోకమంతట వ్యాపించెను.

పందొమ్మిదేండ్లు గడచెను. 1957లో అమెరికాలోని కెంటకీ రాష్ట్రమున డ్రడ్జ్ అను పశువైద్య శాస్త్రజ్ఞుడును అతని సహచరులును ఒక సంగతి ప్రకటించిరి. ఒక మందలోని హీమాంకస్ పురుగులు ఫినోథయజీనునకు సరిగా చచ్చుట లేదు. వేఱు చోటినుండి తెచ్చిన అదే జాతి పురుగులు అదే మందునకు చచ్చుచున్నవి. మందు ఒక్కటే, జాతి ఒక్కటే, ఫలము వేఱు. నట్టలు మందునకు లొంగకపోవుటను గూర్చి మొట్టమొదట వెలువడిన గట్టి సాక్ష్యము ఇదియే.

దానిని విన్నవారు తక్కువ. ఏలనగా, అంతకంటె గొప్ప మందు రానేవచ్చెను. 1961లో థయాబెండజోల్ వెలువడినది. నేడు మనము వాడు ఆల్బెండజోల్, ఫెన్బెండజోల్ అను తెల్లమందులు దాని తోబుట్టువులే. కాని 1964 నాటికే, అనగా మూడేండ్లలోనే, దానిని తట్టుకొను పురుగులు అమెరికాలో బయలుపడెను. 1960ల నడుమ బెల్జియము దేశమునుండి వేఱొక తరగతి మందు వచ్చెను. దానినుండి పుట్టినదే లెవామిసోల్. 1970లలోనే ఆస్ట్రేలియాలో దానికిని ఎదురు నిలుచు పురుగులు కనబడెను. పిమ్మట జపాను శాస్త్రజ్ఞుడు ఒమురా ఒక మైదానపు మట్టినుండి తీసిన సూక్ష్మజీవియే మూలముగా ఐవర్‌మెక్టిన్ పుట్టెను. అది 1981లో పశువులకు అందినది. ఆ పరిశోధనకు ఒమురాకును క్యాంబెల్‌కును 2015లో నోబెల్ బహుమానము లభించెను. అంతటి మందునకు సయితము 1988 నాటికి దక్షిణాఫ్రికా గొఱ్ఱెలలోని నట్టలు ఎదురు తిరిగెను. 2009లో న్యూజీలండున మోనెపాంటెల్ అను మఱియొక క్రొత్త మందు విడుదలయ్యెను. 2013లో ఆ దేశముననే దానిని తట్టుకొన్న పురుగుల వార్త వెలువడెను.

ఇట్లేల జరుగుచున్నది? "పురుగు మందుకు అలవాటు పడింది" అని మనము సాధారణముగా అనుకొందుము. నల్లమందు తినువాడు దానికి అలవాటుపడినట్లు ఒక పురుగు తన జీవితకాలమున అలవాటుపడుట కాదిది. నేను పాఠము చెప్పునట్లే చెప్పెదను, వరిచేనిని తలచుకొనుడు. అందులో ఊద మొలచును. కూలివారు కలుపు తీయుదురు. వరికంటె స్పష్టముగా వేఱుగా కనబడు ఊదనంతయు పెఱికివేయుదురు. అచ్చము వరివలె నుండునది వారి కంట బడదు. అది మిగిలి, గింజపట్టి, రాల్చును. ఏటేట ఇట్లు జరుగగా తుదకు చేనిలో మిగులునది వరిని బోలిన ఊదయే. ఊద తెలివి నేర్చుకొనలేదు. మన చేతులే దానిని ఏఱి నిలిపినవి. నట్టల సంగతియు నింతే. వేల పురుగులలో ఏ ఒకటి రెండో పుట్టుకతోనే మందును తట్టుకొను గుణము గలవై యుండును. మందు తక్కినవానిని చంపి వానికి పొలము ఖాళీచేసి యిచ్చును. దినమునకు వేల గ్రుడ్లు పెట్టు జీవికి ఆ ఖాళీ నింపుటకు ఎంతకాలము పట్టును?

దీనిని త్వరపెట్టు పనులు మూడు. మొదటిది, చాలీచాలని మోతాదు. నిండు మోతాదునకు చావదగిన అరగట్టి పురుగు తక్కువ మోతాదునకు బ్రదికి సంతతిని పెంచును. రెండవది, అవసరమున్నను లేకున్నను మందకంతటికి మాటిమాటికి ఒక్క మందునే తాపుట. మూడవది, మందు తాపిన మఱునాడే మందనంతను పురుగులేని క్రొత్త బీడునకు తోలుట. అట్లు చేసిన ఆ బీడున పడు గ్రుడ్లన్నియు మందును గెలిచిన పురుగులవే యగును. మూడవది కొంత తెలివైన పనిగా కనబడును గావున, ఎన్నోయేండ్లు పెద్దలు దానిని ఉపదేశించిరి కూడ.

సరే, మందు ఓడినదని కనుగొనుట యెట్లు? గొఱ్ఱె చచ్చిన పిమ్మట కడుపు చీల్చి చూచుట ఆలస్యపు జ్ఞానము. బ్రదికియున్న గొఱ్ఱె కడుపులో పురుగులెన్నియో తెలియవలెను. ఈ చిక్కును విడదీసినవారు ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు. సిడ్నీ నగరమున మక్‌మాస్టర్ అను గొఱ్ఱెల కామందు ఇచ్చిన విరాళముతో 1931లో ఒక పశ్వారోగ్య పరిశోధనశాల వెలసెను. అందు పనిచేసిన గోర్డన్, విట్లాక్ అను నిరువురు 1939లో గ్రుడ్లను లెక్కించు సులభమార్గము నొకదానిని ప్రకటించిరి. దాత పేరే ఆ మార్గమునకు నిలిచినది. నేటికిని లోకమంతట దానిని మక్‌మాస్టర్ పద్ధతి యనియే యందురు.

అందలి కిటుకు మన యింటి ఉప్పునీటిలోనే యున్నది. చిక్కని ఉప్పునీటిలో కోడిగ్రుడ్డు తేలును గదా. నట్ట గ్రుడ్డును తేలును. నాలుగు గ్రాముల పెంటికలను 56 మిల్లీలీటర్ల ఉప్పునీటిలో నలిపి వడగట్టుదురు. ఆ నీటిని రెండు గదులున్న ఒక అద్దపు పలకలో నింపుదురు. గదిపైన గీతలు గీయబడియుండును; ఆ గీతల క్రింద నుండు నీరు రెండు గదులలో కలిపి 0.3 మిల్లీలీటరు. చెత్త అడుగునకు దిగును. గ్రుడ్లు పైకి తేలి గీతలకు అంటుకొనును. సూక్ష్మదర్శినిలో చూచుచు లెక్కపెట్టి, వచ్చిన సంఖ్యను 50చే గుణించిన, ఒక గ్రాము పెంటికలో ఎన్ని గ్రుడ్లున్నవో తేలును. నాలుగవ తరగతి గణితము వచ్చినవాడు చేయదగిన పని.

ఇంక పరీక్ష. మందు తాపుటకు ముందు పది పదునైదు గొఱ్ఱెల పెంటికలు పరీక్షించి సగటు కట్టవలెను. ప్రతిదానిని తూచి, బరువునకు తగిన నిండు మోతాదు తాపవలెను. మందు తరగతిని బట్టి వారము మొదలు రెండు వారములు ఆగి, అవే గొఱ్ఱెల పెంటికలను మఱల పరీక్షించవలెను. వెంటనే చూడరాదు, చావని పురుగు సయితము మందు తాకిడికి కొన్నాళ్లు గ్రుడ్లు పెట్టుట మానుకొనును. లెక్క కొఱకు, మొదట గ్రామునకు 1,000 గ్రుడ్లున్నవనుకొందము. తరువాత 20 మిగిలినచో నూటికి 98 వంతులు తగ్గినవి, మందు పనిచేసినది. 400 మిగిలినచో నూటికి 60 వంతులే తగ్గినవి, అనుమానింపవలసినదే. పశువుల పరాన్నజీవులను పరిశోధించు అంతర్జాతీయ సంఘమువారు 1992లో దీనికి నియమములు వ్రాసిరి. గొఱ్ఱెలలో తగ్గుదల నూటికి 95 వంతులకు లోబడియుండుట ప్రమాదసూచనగా నిర్ణయించిరి. 2023లో ఆ నియమములను సవరించి విస్తరించిరి.

సూత్రము చిన్నది, పొలమున దాని నాచరించుట అంత చిన్నది గాదు. పెంటికలను నేలమీదనుండి ఏఱరాదు. గొఱ్ఱె నుండియే తీయవలెను. లేకున్న దేనిది దేనిదో తెలియదు. మన యెండలలో గ్రుడ్లు ఒక్క దినముననే పగులును గావున, చల్లని పెట్టెలో పెట్టి త్వరగా చేర్చవలెను. మఱియు గ్రుడ్లు తగ్గకపోయినంత మాత్రమున పురుగు మొండిదని తీర్పు చెప్పరాదు. మందు గడువు దాటినదేమో, ఎండలో ఉడికినదేమో, సీసా కుదపక పోసినారేమో, గొఱ్ఱె సగము ఉమిసినదేమో, మోతాదు చాలలేదేమో, ఇవన్నియు ముందు విచారింపవలెను. న్యాయస్థానమున నిందితునికి లభించు విచారణ మందునకును లభింపవలెను, మందమ్మినవానికిని లభింపవలెను.

ఇటీవల ఈ మొండితనము పురుగు పుట్టుకలో ఎచ్చట దాగియున్నదో కూడ పరిశోధనశాలలలో చదువుచున్నారు. 1994లో శాస్త్రజ్ఞులు చూపినదేమనగా, తెల్లమందు పురుగు కణములలో ఏ పదార్థమును పట్టుకొని చంపునో, ఆ పదార్థమును నిర్మించు జన్యువులో ఒక్క యక్షరము మాఱినచో చాలును, మందునకు పట్టు దొరకదు. చదివినప్పుడు నాకు ఒడలు జలదరించెను. పలుకు, చిలుకు, ఒక్క యక్షరము మాఱిన అర్థమే వేఱు. వ్రాయసగాని చేతిలో ఒక్క యక్షరము జాఱి గ్రంథమే చెడుట మేమెఱుగుదుము. ఇచ్చట ఒక్క యక్షరము జాఱి పురుగు చిరంజీవి యగుచున్నది.

కాని సూక్ష్మదర్శిని లేని పల్లెకు ఇవన్నియు దూరపు మాటలు. ఆ దూరమును తగ్గించిన కథ దక్షిణాఫ్రికాలో నడచినది. 1990ల నాటికి ఆ దేశపు కొన్ని గొఱ్ఱెల క్షేత్రములలో ఏ తరగతి మందును సరిగా పనిచేయని దుర్దశ వచ్చెను. అప్పుడు మలాన్, వాన్ వైక్, బాత్ అను పశువైద్యులు ప్రశ్ననే త్రిప్పి వేసిరి. ఏ మందు తాపవలెను అని కాక, ఏ గొఱ్ఱెకు తాపవలెను అని అడిగిరి. నెత్తురు త్రాగు పురుగు గొఱ్ఱెను పాలిపోవునట్లు చేయును గదా. ఆ పాలిపోవుట క్రింది కనురెప్ప లోపల స్పష్టముగా తెలియును. ఎఱుపు మొదలు తెలుపువఱకు అయిదు రంగులు ముద్రించిన ఒక అట్టను వారు సిద్ధపఱచిరి. పగటి వెలుతురున రెప్ప క్రిందికి తీసి రంగుతో పోల్చి చూచుటయే పని. నాలుగవ, అయిదవ రంగులకు మందు. మొదటి రెంటికి అక్కఱలేదు. మూడవది సందేహము, కాపరి విచక్షణ. దీని పేరు ఫమాచా. ఫాఫా మలాన్ అని స్నేహితులు పిలుచు ఆ వైద్యుని పేరులోని తొలి యక్షరములనుండియే ఆ పేరు పుట్టినది.

ఈ పద్ధతి ననుసరింపగా, మందలో ఎక్కువ గొఱ్ఱెలకు ఆ కాలమున మందే అవసరము లేదని తేలెను. పురుగుల భారమంతయు కొలది గొఱ్ఱెలమీదనే పడియుండును. మందు త్రాగని గొఱ్ఱెలలోని సాధారణపు పురుగులు బ్రదికియుండి, బీడుమీద మొండి పురుగుల సంతతిలో కలిసి దానిని పలుచన చేయుచుండును. శత్రువులో కొంత భాగమును కావలసియే విడిచిపెట్టుట! యుద్ధనీతిలో వింతగా తోచును గాని, ఊద కథ విన్న మీకు దీని మర్మము తెలియకపోదు. అయితే కంటిరంగు నెత్తురు త్రాగు పురుగును మాత్రమే పట్టిచ్చును. తక్కిన నట్టలను పట్టియీయదు. పిడుదులవలనను, మేత కొఱతవలనను కన్ను పాలిపోవచ్చును. మందు ఓడినదా లేదా యను తీర్పునకు గ్రుడ్ల లెక్కయే ప్రమాణము.

ఇది పరదేశముల గాథ యని ఊరకుండుటకు వీలులేదు. మన దేశమున 1976లోనే ఫినోథయజీన్, థయాబెండజోల్ మందులకు లొంగని హీమాంకస్ పురుగులను గూర్చి శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. పిమ్మట అనేక రాష్ట్రములనుండి అట్టి వార్తలు వచ్చెను. 2019 పశుగణనలో గొఱ్ఱెల సంఖ్యయందు తెలంగాణము దేశమున మొదటిది, ఆంధ్రప్రదేశము రెండవది. మొదటిదాన కోటి 90 లక్షలు, రెండవదాన కోటి 76 లక్షలు. ఇంతటి సంపద మూడు నాలుగు తరగతుల మందుల మీద ఆధారపడియున్నది. ఒక తరగతి చెడినచో దానికి బదులు క్రొత్తది రేపే రాదు.

ఇప్పుడు మా ఊరి కథ ముగించెదను. వైద్యుడు ఒక వ్రేలాడు కాటా తెప్పించి గొఱ్ఱెలను తూయించెను. నేను పాతిక కిలోలని లెక్కించిన మందలో ముప్పదియెనిమిది కిలోల గొఱ్ఱెలుండెను! మందను రెండు గుంపులు చేసి, ఒక గుంపునకు ఆ నిందపడిన సీసాలోని మందునే నిండు మోతాదున తాపెను. రెండవ గుంపునకు వేఱు తరగతి మందు తాపెను. అదే సీసాలోని మందు మఱికొంత ప్రక్క ఊరి మందకును తాపెను. పండ్రెండు దినములు గడచిన పిమ్మట లెక్క చూచితిమి. నేను స్వయముగా సూక్ష్మదర్శినిలో కన్ను పెట్టి చూచితిని. మొదటి గుంపున గ్రుడ్లు సగమైనను తగ్గలేదు. రెండవ గుంపున దాదాపు లేవు. ప్రక్క ఊరి మందలో, అదే సీసా మందునకు, దాదాపు లేవు.

మందు కల్తీది కాదు. దుకాణదారుడు దొంగ కాడు. మా మందలోని పురుగే మాఱినది. ఎనిమిదేండ్లు నేను చదివి చెప్పిన చాలని మోతాదు ఆ మార్పునకు త్రోవ చూపినది. నా గుణకారము తప్పలేదు, బరువు తప్పినది. వైద్యుడు మంచివాడు. "అంతా మీ వల్లే అనలేమండీ మాస్టారూ, సంతలో కొన్న పొట్టేళ్లతో కూడా వచ్చి ఉండవచ్చు" అని ఓదార్చెను. కావచ్చును. కాని నా శిష్యుని ముఖము చూచుట నాకు కష్టమయ్యెను. అతడు మాత్రము, "మీరు మంచికే చెప్పారు కదండీ" అనెను. అర్జీని చింపివేసితిని. దుకాణమునకు పోయి, నేను వ్రాసిన వ్రాతను చెప్పి, ఆయనను మన్నింపుమని వేడుకొంటిని.

పెద్దలారా, మీ యరుగుమీదికి రేపు ఒక కాపరి సీసాతో వచ్చును. చదివి చెప్పుడు, మానవద్దు. కాని ముందు "తూచినావా?" అని అడుగుడు. అన్నిటిని తూచలేకున్న, గుంపులో మిక్కిలి బరువైనదానిని తూచి ఆ లెక్కను తాపుమనుడు. మేకకు గొఱ్ఱె మోతాదు చాలదు, మేక యొడలు మందును త్వరగా అరిగించుకొనును. దాని మోతాదును వైద్యు నడిగి తెలిసికొనుడు. సీసామీది పేరు మాఱినంత మాత్రమున మందు మాఱదు. రెండు పేర్ల తెల్లమందులు ఒక్క తరగతివే కావచ్చును. సంతలో కొన్న జీవమును కొన్నాళ్లు వేఱుగా కట్టి, మందు తాపి, గ్రుడ్లు పోయినవని చూచిన పిమ్మటనే మందలో కలుపుమనుడు. కనురెప్ప చూచుట పిల్లలకు నేర్పుడు. ఏడాదికొక్కసారియైనను, మందుకు ముందును వెనుకను, పది గొఱ్ఱెల పెంటికలను దగ్గఱి పశువుల ఆసుపత్రికి పంపుడు.

నా శిష్యుని మంద మఱల నూఱు దాటినది. ఇప్పుడు మా గ్రామమున ఆ కాటా చింతచెట్టు కొమ్మకు వ్రేలాడుచుండును. సీసా తెచ్చినవాడు ముందు ఆ చెట్టు క్రిందికి పోయి, తరువాతనే మా యింటికి వచ్చును. ఆ చీటీమీది బరువు చూచిన పిమ్మటనే నేను కళ్లద్దాలు పెట్టుకొందును.